మూగ వీడియోకు మాటలు, చప్పుళ్లు: ఇంటర్ తర్వాత ఏ దారి?

ప్రశ్న: మాది కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఫోన్‌లో తీసిన వీడియోల్లో శబ్దం తీసేసి, వాటికి తనే మాటలు చెప్పి, చప్పుళ్లు చేర్చి అందరికీ చూపిస్తుంటుంది. ఇంజినీరింగ్ వద్దు, హైదరాబాద్ వెళ్లి మూడు నెలల డబ్బింగ్, సౌండ్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు మాకు భారమే. ఇందులో బతుకుతెరువు ఉందా? చేర్పించమంటారా?

జవాబు: అయ్యా, ఈ పనిలో బతుకుతెరువు ఉంది. అయితే ఆ కోర్సులో ఇప్పుడే చేర్పించవద్దని నా సలహా. మీ అమ్మాయి నేర్చుకోవలసిన దానిలో మొదటి భాగమంతా మీ ఇంట్లో, మీ రేవులో, దాదాపు ఖర్చు లేకుండా నేర్చుకోగలిగినదే. ఆ పునాది లేకుండా స్టూడియోకి వెళితే మూడు నెలలూ మీటలు గుర్తుపట్టడంతోనే గడిచిపోతాయి.

బయటికి ఒకటిగా కనిపించినా ఇవి వేర్వేరు వృత్తులు. మాట చెప్పేవారు డబ్బింగ్ కళాకారులు. అడుగుల చప్పుడు, బట్టల రాపిడి, గిన్నెల మోత వంటివి బొమ్మ చూస్తూ చేసి రికార్డు చేసేవారు ఫోలీ కళాకారులు. వీటన్నిటినీ కూర్చి, సరిచేసి, కలిపేవారు సౌండ్ ఎడిటర్లు, మిక్సింగ్ ఇంజినీర్లు. సినిమా వేరే భాషలోకి వెళ్లేటప్పుడు సంగీతమూ చప్పుళ్లూ మాటల నుంచి విడిగా ఉన్న ట్రాక్ అందితే డబ్బింగ్ తేలికవుతుంది. అది అందకపోతే నటుల మాటలతోపాటు వారి అడుగుల చప్పుడు కూడా పోతుంది కాబట్టి అన్నీ కొత్తగా చేయాలి. మీ అమ్మాయికి వీటిలో ఏది ఇష్టమో ముందు తేలాలి.

మాటల విషయంలో ఆమె మొదట గమనించవలసినవి పెదవులు. ప, ఫ, బ, భ, మ అక్షరాలకు పెదవులు మూసుకుంటాయి. దగ్గరి షాట్‌లో పెదవులు మూసుకున్న చోట ఆ అక్షరాల్లో ఒకటి పడకపోతే, చూసేవారికి కారణం తెలియకపోయినా గొంతు అతికించినట్టే అనిపిస్తుంది. అందుకే డబ్బింగ్ మాటలు రాసేవారు అర్థంతోపాటు నోటి కదలికనూ లెక్కలోకి తీసుకుని వాక్యాన్ని తిరగరాస్తారు. ఇక గోదావరి యాస ఆమెకు పుట్టుకతో వచ్చిన ఆస్తి, దాన్ని పోగొట్టుకోవలసిన అవసరం లేదు. అయినా తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకుబడులను కూడా శ్రద్ధగా విని నేర్చుకుంటేనే పని దొరికే అవకాశాలు పెరుగుతాయి.

చప్పుళ్ల సాధనకు కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు వచ్చే పంటును (మనుషులనూ బండ్లనూ గోదావరి దాటించే పెద్ద పడవను) మించిన పాఠం లేదు. దాన్ని ఒక నిమిషం వీడియో తీసి, శబ్దం పూర్తిగా తీసేసి మొదలుపెట్టమనండి. ముందు గాలి, నీరు, దూరాన జనం మాటలు కలిసిన ఆంబియన్స్ పరచాలి. దాని మీద ఇంజిను చప్పుడు వేయాలి. పంటు ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ ఆ చప్పుడు పెరిగితే చాలదు, దాని గరుకుదనం కూడా బయటపడాలి. ఎందుకంటే దూరం నుంచి వచ్చే శబ్దంలో కీచుగా ఉండే భాగాన్ని గాలి ఎక్కువగా మింగేస్తుంది. మోటారు సైకిలు చెక్కల మీదుగా దిగేటప్పుడు ముందు చక్రానికి ఒక చప్పుడు, వెనక చక్రానికి మరొకటి కావాలి. ఒకే రికార్డింగును రెండుసార్లు అతికిస్తే చెవి ఇట్టే పట్టేస్తుంది. బురదలో అడుగులకు బకెట్లో తడిగుడ్డ పిసికితే సరిపోతుంది. గుర్రపు డెక్కల చప్పుడుకు కొబ్బరి చిప్పలు వాడటం పాత పద్ధతి, అవి కోనసీమలో ఎవరినీ అడగనక్కరలేదు.

సమయం దగ్గర మాత్రం పట్టుదలగా ఉండాలి. సెకనుకు 25 ఫ్రేములు (విడి విడి బొమ్మలు) ఉన్న వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందుగా వస్తే మనం గుర్తుపడతాం, వెనకబడితే సుమారు 125 మిల్లీసెకన్ల దాకా సర్దుకుంటాం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కాబట్టి, అవతలి ఒడ్డున పడవ బాగుచేసేవారి సుత్తి దెబ్బ మనకు కనిపించాకే వినిపిస్తుంది. మన చెవి ఆ ఆలస్యానికి అలవాటుపడింది, ముందుగా వచ్చే శబ్దానికి అలవాటుపడలేదు.

పరికరాలకు పెద్ద ఖర్చు వద్దు. కంప్యూటర్ ఉంటే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే సౌండ్ విభాగం ఉంటుంది. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లో, వేవ్ (WAV) ఫైలుగా చేసుకోవాలి. హెడ్‌ఫోన్లు వైరు ఉన్నవే కొనండి, బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యమై బొమ్మకూ శబ్దానికీ పొంతన (సింక్) తప్పినట్టు వినిపిస్తుంది. ఫ్యాను ఆపి, చుట్టూ పరుపులు, దుప్పట్లు అడ్డుపెట్టుకుంటే గది మోత తగ్గుతుంది. ఇతరుల సినిమా ముక్కలకు గొంతు చెప్పి బయట పెడితే కాపీరైట్ చిక్కులు వస్తాయి కాబట్టి, సొంతంగా తీసిన వీడియోలనే వాడమనండి.

చదువు విషయంలో నా మాట కొంచెం గట్టిగానే చెబుతాను. ఎంపీసీ ఆపవద్దు. పూణేలో 1960లో ఏర్పడిన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ సౌండ్ కోర్సులు డిగ్రీ తర్వాత చదివేవి. సౌండ్ విభాగానికి ఇంటర్‌లో ఫిజిక్స్ అడిగే పద్ధతి ఉంది కాబట్టి, ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చదవండి. 2009లో సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పూణే సంస్థలోనే శిక్షణ పొందారు. ఇంజినీరింగ్ ఇష్టం లేకపోతే ఫిజిక్స్ ఉన్న బీఎస్సీలో చేర్పించండి, బలవంతంగా బీటెక్ సీటు కొనవద్దు.

మరొక సంగతి దాచకూడదు. మూగ వీడియోను చూసి చప్పుళ్లు తయారుచేసే, గొంతును అనుకరించే ఏఐ సాధనాలు వచ్చేశాయి. ప్రకటనలకు, పాఠాల వీడియోలకు గొంతు చెప్పే చిన్న పనులు వాటివల్ల తగ్గుతాయి. ఏ చప్పుడు ఉండాలి, ఏది తీసేయాలి, ఎక్కడ నిశ్శబ్దం ఉంచాలి అని నిర్ణయించగలిగినవారికి విలువ ఉంటుందని నా నమ్మకం. ఆ నిర్ణయ శక్తి సాధనతోనే వస్తుంది. ఆదాయం మొదటి కొన్నేళ్లు నిలకడగా ఉండదు, అందుకే డిగ్రీ చేతిలో ఉండాలంటున్నాను.

పరీక్షలయ్యాక వేసవిలో ఆమెను ఒక్కో నిమిషం నిడివి ఉన్న వీడియోలు నాలుగైదు పూర్తిచేయమనండి. అప్పటికీ ఆసక్తి తగ్గకపోతే హైదరాబాద్‌లో ఆ మూడు నెలల కోర్సు నడిపే సంస్థకు ఆమెతో కలిసి మీరూ వెళ్లి, పాత విద్యార్థులు పూర్తిచేసిన పనులు చూపించమని, ఒక్కొక్కరికి స్టూడియోలో ఎన్ని గంటలు ఇస్తారో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే ఫీజు కట్టవద్దు.