రాత్రి నగరం గీస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు వేస్తున్న రాత్రి నగరం బొమ్మకి ఫొటో తీసి పంపావుగా, చూశాను. మేడల నిలువులు బాగా కుదిరాయి, గీత ఎక్కడా తడబడలేదు. ఇబ్బందల్లా దీపాలతోనే. కనిపించిన ప్రతి కిటికీకీ పసుపు పెట్టేశావు. దాంతో చూసేవాళ్ల కన్ను ఒకచోట నిలవడం లేదు.

ముందు చీకటి సంగతి చూసుకో. ట్యూబులోని నలుపు నేరుగా పూస్తే చదునుగా, చచ్చినట్టు పడి ఉంటుంది. అల్ట్రామెరైన్ బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలుపు. నీలం పాలు పెంచితే ఆకాశం, అంబర్ పెంచితే వీధి. విడిగా చూస్తే రెండూ నలుపే అనిపిస్తాయి, పక్కపక్కన పెట్టాకే తేడా తెలుస్తుంది. ఒక్కసారే మందంగా పుయ్యకు. పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పుయ్యి.

చిత్రకారుడు విస్లర్ 1875 ప్రాంతంలో వేసిన రాత్రి బాణసంచా బొమ్మ చూడు. దాదాపు అంతా పొగా చీకటే, మధ్యమధ్య కాసిని రవ్వలు. జనం మొహాన రంగు డబ్బా విసిరాడని విమర్శకుడు రస్కిన్ తిట్టిపోస్తే విస్లర్ కోర్టుకెక్కాడు. 1878లో గెలిచాడు కానీ చేతికొచ్చింది ఒక్క ఫార్దింగ్, అంటే పావు పెన్నీ. ఖర్చులు మీదపడి మరుసటి ఏడు దివాలా తీశాడు. విమర్శకుల మాట ఎంత పట్టించుకోవాలో నువ్వే తేల్చుకో.

దీపం నడిబొడ్డున దాదాపు తెలుపే ఉంటుంది, రంగంతా దాని చుట్టూ ఉంటుంది. నువ్వు తిరగేశావు. తడి రోడ్డు మీద ఆ వెలుగు నిలువుగా మనవైపు సాగుతుంది, నీడలా పక్కకు వాలదు. ఫొటోని నమ్ముకుంటే దీపాలు వెలిసిపోయి, చీకట్లు పూడుకుపోయి వస్తాయి. చీకటి పడ్డాక ఒకసారి బయట నిలబడి చూడు.

ఇక బొమ్మ మీద అతికించే వార్తాపత్రిక కాగితాలు. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, నాలుగు రోజులు పోతే పసుపెక్కుతుంది. కావలసిన పేజీని యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించు. ఇంక్‌జెట్ అయితే తడి తగలగానే సిరా అలుక్కుపోతుంది. కాగితం కిందా పైనా మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే అక్రిలిక్ జిగురు) రాసి, పాత ప్లాస్టిక్ కార్డుతో మధ్యనుంచి అంచులకు నొక్కుకుంటూ పో. బుడగలు రావు. హెడ్డింగులు తలకిందులుగా అతికించు. అక్షరాలు తిన్నగా కనిపిస్తే జనం బొమ్మ మానేసి వార్త చదువుతారు.

అక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) మీద ఆయిల్ (నూనె రంగు) వెయ్యొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వద్దు, పెచ్చులూడుతుంది. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఆరదు కాబట్టి అన్నిటికన్నా చివర పెట్టుకో.

ఇప్పుడున్నదాన్ని చెరపనక్కర్లేదు. కిటికీల మీద ఆ నీలం గ్లేజు, అంటే కింది రంగు కనిపించేంత పలచని పొర, పోనిచ్చి, మూడు నాలుగు కిటికీలు మాత్రం వదిలెయ్. ఏవి వదలాలో నన్నడక్కు. ఆరాక పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి పంపు, అతుకులు ఎక్కడైనా లేచాయేమో చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు