హార్డ్ డిస్క్ మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చు?

పెద్ద ఫైళ్లు దాచుకునే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు మా సాంకేతిక బృందం జవాబులు.

ప్రశ్న: పెళ్లిళ్లకు వీడియో తీస్తాం. రెండు కెమెరాలు, రెండూ 4కే. ఒక్కో పెళ్లికి 300 జీబీ దాటిపోతోంది. రెండేళ్లయ్యాక కూడా పార్టీలు వచ్చి ఫుటేజ్ అడుగుతున్నారు. ఏ కంపెనీ డిస్క్ కొంటే పదేళ్లు నిలుస్తుందో చెప్పండి.
– వీడియోగ్రాఫర్, నరసరావుపేట

జవాబు: ఏ కంపెనీదైనా సరే, ఒక్క డిస్క్‌ను నమ్ముకుని పదేళ్లు ధీమాగా ఉండడానికి లేదు. ఇవాళ ప్రపంచంలో హార్డ్ డిస్క్‌లు తయారు చేసేవి మూడే కంపెనీలు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మిగతా పేర్లతో దొరికేవాటిలోనూ లోపల ఉండేది ఈ మూడింటిలో ఒకరి సరుకే. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ సంస్థ తన దగ్గర నడిచే డిస్క్‌లలో ఎన్ని చెడిపోతున్నాయో 2013 నుంచి బయటపెడుతోంది. మొత్తం మీద చూస్తే ఈ మధ్య సంవత్సరాల్లో ఏడాదికి నూటికి ఒకటి, రెండు పోతున్నాయి. అయితే అవి ఏసీ గదుల్లో కదలకుండా కూర్చున్న 3.5 అంగుళాల డిస్క్‌లు. మీ డిస్క్ బ్యాగులో పడి బైక్ మీద మండపానికి వెళ్లొస్తుంది. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకండి.

ముందు లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలూ చెరో నాలుగు గంటలు తిరిగితే 360 జీబీ. 4 టీబీ డిస్క్‌ను విండోస్ 3.63 టీబీగా చూపిస్తుంది. ఇందులో మోసం లేదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే. పదో వంతు ఖాళీగా వదిలేస్తే ఒక డిస్క్‌లో పది పెళ్లిళ్లు పడతాయి. అంటే ఆ డిస్క్ పోయిన రోజున మీరు పది కుటుంబాలకు జవాబు చెప్పుకోవాలి. అందుకే మూడు కాపీలు ఉంచండి: రెండు డిస్క్‌లలో రెండు, మూడోది వేరే రకం చోట, అంటే క్లౌడ్‌లోనో, తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలోనో. వాటిలో ఒకటైనా వేరే ఊళ్లోనో, కనీసం వేరే ఇంట్లోనో ఉండాలి. ఫుటేజ్ మొత్తానికి క్లౌడ్ ఖర్చు భరించలేకపోతే ఎడిట్ పూర్తయిన సినిమా, ఎంపిక చేసిన ఫొటోలైనా పైకి ఎక్కించండి.

కాపీ చేసే పద్ధతి ముఖ్యం. మెమరీ కార్డు నుంచి మొదటి డిస్క్‌కు కాపీ చేయండి. రెండో డిస్క్‌కు కూడా కార్డు నుంచే చేయండి, మొదటి డిస్క్ నుంచి వద్దు. మొదటి కాపీలో ఎక్కడైనా తేడా వచ్చి ఉంటే ఆ తప్పే రెండోదానికీ ఎక్కుతుంది. విండోస్‌లో మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే రాసింది సరిగ్గా పడిందో లేదో తిరిగి చదివి చూడదు. టెరాకాపీ లాంటి ప్రోగ్రాములో వెరిఫై పెట్టండి. సమయం దాదాపు రెట్టింపవుతుంది, కానీ ఆ సమయం వృథా కాదు. రెండు డిస్క్‌లలోనూ వెరిఫై అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయకండి. సీజన్లో ఒకే రోజు రెండు ముహూర్తాలుంటే కార్డుల కోసం ఇబ్బంది పడతారు, కాబట్టి ఇంకో రెండు కార్డులు కొనిపెట్టుకోండి. ఒక పెళ్లి పోగొట్టుకోవడం కన్నా అది చవకే.

రెండు డిస్క్‌లూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కాకుండా చూసుకోండి. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే రెండూ దగ్గర దగ్గరగా పోవచ్చు. రెండింటినీ స్టూడియోలోనే ఉంచకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగాయి. అలాంటి చోట కింది అంతస్తులో ఒకే బీరువాలో ఎన్ని కాపీలు పెట్టినా ఒకటి కిందే లెక్క. రెండో డిస్క్‌ను ఊరికే తగిలించి ఉంచడం కూడా మంచిది కాదు. కంప్యూటర్లోకి డబ్బు కోసం ఫైళ్లను బంధించే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లన్నింటికీ తాళం వేసేస్తుంది.

ఇంకో మాట. ఫుటేజ్ ఎన్ని నెలలు దాస్తారో పార్టీకి ఇచ్చే బిల్లు మీదే రాయండి. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఫుటేజ్‌ను వాళ్ల డిస్క్‌లోకే ఎక్కించి, ముందే ఆడించి చూపించి సంతకం తీసుకోండి. వాళ్ల దగ్గరా ఒక కాపీ ఉన్నట్టవుతుంది.

ప్రశ్న: 4 టీబీ పోర్టబుల్ డిస్క్ కొత్తదే. కాపీ సెకనుకు 120 ఎంబీతో మొదలై కాసేపటికల్లా 20కి పడిపోతోంది. డిస్క్‌లో లోపమా?
– షార్ట్ ఫిల్మ్ ఎడిటర్, వరంగల్

జవాబు: చాలావరకు లోపం కాదు. పెద్ద కెపాసిటీ 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్క్‌లలో ఎక్కువ భాగం ఎస్‌ఎంఆర్ రకానివి. పెంకుటింటి మీద ఒక పెంకు అంచు మీద ఇంకోటి పరిచినట్టు ఇందులో డేటా రాసే గీతలు, అంటే ట్రాక్‌లు, ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. తక్కువ చోట ఎక్కువ డేటా పడుతుంది. కానీ మధ్యలో ఒక ట్రాక్ మార్చాలంటే దాని తరవాతి వరసంతా మళ్లీ రాయాల్సిందే. ఈ ఆలస్యం తెలియకుండా డిస్క్ ముందుగా మామూలు ట్రాక్‌లున్న కొంత భాగంలో రాసుకుంటుంది. అది నిండాక వేగం పడిపోతుంది. కాపీ అయిపోగానే పీకేయకుండా ఓ గంట తగిలించి ఉంచితే తనంతట తానే సర్దుకుంటుంది.

చదివేటప్పుడు వేగం బాగానే ఉంటే బెంగ వద్దు. చదివేటప్పుడూ ఆగి ఆగి నడుస్తుంటే మాత్రం కింది జవాబులో చెప్పిన పరీక్ష చేయండి. కాపీ వేగం మొదటి నుంచి చివరిదాకా 35–40 ఎంబీ దగ్గరే నిలకడగా ఉంటే అది యూఎస్‌బీ 2.0 వేగం. రెండు భాగాలుగా ఉండే వెడల్పాటి మైక్రో-బీ పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోయినా ఇలాగే అవుతుంది.

ఇలాంటి డిస్క్ దాచడానికి పనికొస్తుంది, ఎడిటింగ్‌కు పనికిరాదు. నడుస్తున్న ప్రాజెక్టును ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోండి, పూర్తయ్యాక ఇందులోకి మార్చండి.

ప్రశ్న: డిస్క్ తగిలిస్తే టక్ టక్ మని శబ్దం వస్తోంది. ఒకసారి కనిపించి, ఫార్మాట్ చేయమని అడిగింది. దగ్గర్లోని షాపతను విప్పి చూస్తానంటున్నాడు. విప్పించమంటారా?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: విప్పించకండి. ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి.

ఒక్క అనుమానం మాత్రం ముందే తీర్చుకోవాలి. 2.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. పాత కేబుల్, హబ్, డెస్క్‌టాప్ ముందువైపు పోర్టు అయితే కరెంటు చాలక కూడా టక్ మని ఆగిపోవచ్చు. వేరే కేబుల్‌తో, డెస్క్‌టాప్ వెనకవైపు నీలం రంగు పోర్టులో ఒక్కసారి పెట్టి చూడండి. శబ్దం అలాగే ఉంటే వెంటనే పీకేయండి, మళ్లీ పెట్టకండి. డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద దారి చూపే గుర్తులుంటాయి. డేటాను చదివే హెడ్ వాటిని చదవలేక వెనక్కీ ముందుకీ కొట్టుకుంటున్న శబ్దమది. హెడ్ వంగి ఉంటే తిరిగిన ప్రతిసారీ పళ్లెం మీది పూతను గీకేస్తుంది. పూత పోయిన చోటి డేటాను ఏ ల్యాబూ తేలేదు.

శబ్దం లేకుండా కనిపిస్తుంటే కథ వేరు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో 05, సీ5, సీ6 అనే మూడు వరసలు చూడండి. 05 అంటే చెడిపోయి పక్కకు మార్చిన సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న గళ్లు. సీ5 చదవడానికి మొరాయిస్తున్నవి. సీ6 ఇక చదవలేకపోయినవి. మూడూ సున్నా ఉండాలి. 05లో చిన్న అంకె ఉండి నెలల తరబడి కదలకపోతే కొంత ఊరట. సీ5 సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. విండోస్‌లోని చెక్‌డిస్క్ కూడా నడపకండి. అది ఫైళ్ల చిట్టా లాంటి ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది తప్ప మీ ఫైళ్లను కాపాడదు. తనకు అర్థం కాని ఎంట్రీలను తీసేస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను ఇంకా తిప్పుతుంది.

చేయాల్సింది క్లోనింగ్. అంతే సైజు లేదా అంతకన్నా పెద్ద ఖాళీ డిస్క్ తీసుకుని, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం కాపీ తీయండి. అది సులువుగా వచ్చేదంతా ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు తరవాత వెళ్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఇవ్వడం మరవకండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. సెకనుకు 100 ఎంబీ వేగంతో నడిచినా 4 టీబీకి 11 గంటలు పడుతుంది. ఆపైన రికవరీ ప్రోగ్రాములేవైనా ఆ కాపీ మీదే నడపాలి. ఇందులో అనుభవం లేకపోతే, ఫైళ్లు నిజంగా ముఖ్యమైతే, ఇది కూడా మీరు చేయకుండా ల్యాబుకే ఇవ్వండి.

షాపులో మూత తీయడం ఎందుకు వద్దంటే, హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మామూలు గదిలోని దుమ్ము రేణువు అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, అసలు చేయకండి. ఇంకో చిక్కు ఏమిటంటే, చాలా పోర్టబుల్ డిస్క్‌లలో యూఎస్‌బీ పిన్ను నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది. పెట్టె విప్పి సాటా కేబుల్ తగిలించే వీలుండదు. కొన్నింటిలో పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అలాంటి వాటికి అదే మోడల్ బోర్డు తెచ్చి మార్చినంత మాత్రాన ఫైళ్లు రావు.

ల్యాబును మూడు మాటలు అడగండి. మూత తీసేది దుమ్ములేని క్లీన్ బెంచ్ మీదేనా? హెడ్ మార్చడానికి భాగాలు తీసుకునే అదే రకం డోనార్ డిస్క్ తెస్తారా? ఫైళ్లు రాకపోతే ఎంత కట్టాలి? దొరికిన ఫైళ్ల జాబితా చూశాకే డబ్బు కట్టండి. కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. అది డిస్క్‌ను మార్చి ఇస్తుంది, అందులోని ఫైళ్లతో దానికి సంబంధం లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేల లోపే ఉంది. కొనొచ్చా?
– విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు. ఆ ధరకు 16 టీబీ రాదు. ఇలాంటి పెట్టెల్లో చిన్న మెమరీ కార్డు అతికించి, కంప్యూటర్‌కు 16 టీబీ అని చెప్పేలా సాఫ్ట్‌వేర్ మారుస్తారు. అసలు చోటు నిండాక కొత్తవి పాతవాటి మీదే పడతాయి. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. ఇప్పటికే కొని ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాముతో నిండా రాయించి, తిరిగి చదివించి చూడండి. తేడా వస్తే రిటర్న్ గడువు లోపే వెనక్కి పంపండి.

ప్రశ్న: డాలస్ నుంచి అమ్మానాన్నలకు పిల్లల వీడియోలు హార్డ్ డిస్క్‌లో పంపాను. ఊళ్లో టీవీ ఆ డిస్క్‌ను గుర్తించడం లేదు. నా దగ్గర మ్యాక్ ఉంది.
– ప్రవాస పాఠకుడు

జవాబు: మ్యాక్ సొంత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, టీవీలు దాన్ని చదవవు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌కు మార్చి మళ్లీ ఎక్కించాలి. పాత ఫ్యాట్32లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది కానీ, రాస్తుండగా పీకేస్తే విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ కన్నా తొందరగా దెబ్బతింటుంది. ఎజెక్ట్ చేశాకే తీయండి. వాళ్ల టీవీ పాతదైతే డిస్క్‌కు చాలినంత కరెంటు ఇవ్వదు, ఎక్స్‌ఫ్యాట్ తెలియకపోవచ్చు కూడా. ఫుల్ హెచ్‌డీ సైజుకు కుదించి పెన్‌డ్రైవ్‌లో పంపడమే సులువు.

ప్రశ్న: ఒగ్గుకథ చెప్పే పెద్దవాళ్ల రికార్డింగులు పదేళ్లుగా చేస్తున్నాను. కొందరు ఇప్పుడు లేరు. ఇవి ఎక్కువకాలం నిలవాలంటే హార్డ్ డిస్క్ మేలా, ఎస్‌ఎస్‌డీ మేలా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, జనగామ

జవాబు: బీరువాలో దాచడానికి హార్డ్ డిస్కే మేలు. ఎస్‌ఎస్‌డీ కింద పడితే తట్టుకుంటుంది, కానీ డేటాను విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే అది నెమ్మదిగా జారిపోతుంది. మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ చెప్పినదాని ప్రకారం, రాసే సామర్థ్యం పూర్తిగా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల వద్ద కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలిపితే చాలు. కొత్తది చాలా ఎక్కువకాలమే నిలుపుతుంది. కానీ మన ఎండాకాలం 30 డిగ్రీల దగ్గర ఆగదు, వేడి పెరిగే కొద్దీ ఆ జారుడూ పెరుగుతుంది.

మీ పని నిజానికి చిన్న సైజుదే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ (కుదించని ఆడియో) ఫైలు గంటకు దాదాపు ఒక జీబీ. వెయ్యి గంటలున్నా 2 టీబీ డిస్క్‌లో సగమే. కాబట్టి ఎంపీ3కి కుదించకండి, వేవ్ ఫైళ్లనే అలాగే ఉంచండి. రెండు కంపెనీల డిస్క్‌లలో రెండు కాపీలు పెట్టండి. టెరాకాపీలోనే ప్రతి ఫోల్డరుకూ చెక్‌సమ్ ఫైలు (ఫైళ్లకు వేలిముద్ర లాంటిది) తయారు చేసి పక్కనే ఉంచండి. ఆరు నెలలకోసారి రెండింటినీ తగిలించి, ఆ చెక్‌సమ్‌తో అన్ని ఫైళ్లనూ పోల్చి చూడండి. ఒక కాపీలో ఒక్క బిట్ మారినా పట్టుబడుతుంది, రెండోదాంట్లోంచి మంచి ఫైలు తెచ్చుకోవచ్చు. చెడిందని మూడేళ్ల తరవాత తెలిస్తే అప్పటికి రెండోదీ పోయి ఉండొచ్చు. ఐదేళ్లకోసారి కొత్త డిస్క్‌కు మార్చండి, పాతది బాగా నడుస్తున్నా సరే. దాన్ని మూడో కాపీగా ఉంచుకోండి.

డిస్క్‌లను సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి. వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు ఆనించిన బీరువా వద్దు. ఎండలో నిలిపిన కారు అసలే వద్దు. కళాకారులు, వాళ్ల కుటుంబాలు ఒప్పుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక కాపీ ఎక్కించండి. ప్రతి ఫైలు పేరులోనే కథ, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి. అవి లేకుండా 'ఆడియో 0047' అని ఉన్న ఫైలు చెడకుండా నిలిచినా, మీ తరవాత దాన్ని తెరిచేవారికి ఎవరి గొంతో తెలియదు.