బ్రూనోకి ఇది మొదటి క్రిస్మస్

ఒంగోలు,
డిసెంబరు 12.

అమ్మణ్ణీ,

పండగ రోజుల్లో మీ కుక్క బ్రూనోని ఎలా చూసుకోవాలని నువ్వు అడిగావు కదా, అవన్నీ ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. చదివి ఫ్రిజ్ మీద అంటించు. మీ అత్తగారికీ వినిపించు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నన్నాళ్లూ పండగ మర్నాడు కుక్కలను ఎత్తుకొచ్చేవాళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "పాపం, చూస్తోంది కదాని ఒక ముక్క పెట్టాం." కాబట్టి ముందు తిండి సంగతి.

ప్లమ్ కేకు బ్రూనోకి వాసన కూడా అందకుండా ఎత్తులో పెట్టాలి. అందులో ఉండే ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను పాడుచేస్తుంది. ఎన్ని తింటే ప్రమాదమో కచ్చితంగా లెక్క కట్టలేం, కొన్ని కుక్కలకు కాసిన్ని కూడా ఎక్కువే. మొదట వాంతులు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు నీరసం, మూత్రం తగ్గిపోవడం. అప్పుడు తీసుకొస్తే డాక్టరు చేయగలిగింది తక్కువ. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణమని ఈమధ్య పరిశోధకులు అంటున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. అంటే మన నెల్లూరు చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టడం కూడా మానుకోవాల్సిందే. మీ ఇంట్లో అలవాటు ఉందని తెలిసే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చాక్లెట్లో థియోబ్రోమిన్ అని ఒకటి ఉంటుంది. మనకు తొందరగానే అరిగిపోతుంది గానీ కుక్క ఒంట్లో చాలాసేపు ఉండిపోయి గుండెదడ, వణుకు, ఫిట్స్ తెస్తుంది. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత చెరుపు, కోకో పొడి మరీనూ. షుగర్‌లెస్ చూయింగ్ గమ్ములో తీపి కోసం వేసే జైలిటాల్ ఇంకా వేగంగా పనిచేస్తుంది, ఒక్కోసారి అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోతుంది. చుట్టాల హ్యాండుబ్యాగులు నేల మీద ఉంచకుండా బీరువాలో పెట్టించు.

బిర్యానీలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఉడికినా, వేగినా సరే, అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఇక ఎముకలు. ఉడికిన కోడి కాలి ఎముకను ఒకటి విరిచి చూడు. అడ్డంగా విరగదు, నిలువునా చీలి చివర సూదిలా తేలుతుంది. అది గొంతులోనో పేగులోనో దిగితే ఆపరేషనే దిక్కు. విస్తళ్లు పారేసే చెత్తబుట్టకు మూత పెట్టి, పైన బరువు ఉంచండి. వాడికీ పండగ చేయాలనుకుంటే మసాలా వేయకముందే నాలుగు చికెన్ ముక్కలు పక్కకు తీసి, ఉప్పు లేకుండా ఉడికించి, ఎముక తీసేసి అన్నంలో కలుపు. వాడు గిన్నె నాకి మెరిపిస్తాడు. చుట్టాల పిల్లలు ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేరు, వాళ్ల కోసం వాడి రోజువారీ తిండిలోంచే కాసిన్ని గింజలు ఒక డబ్బాలో వేసి ఉంచు.

పొరపాటున ఏదైనా తింటే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మన నొప్పి మాత్రలు అసలే వేయొద్దు. ఏం తిన్నాడో ఆ కవరు చేతబట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తు. సెలవుల్లో ఏ డాక్టరు ఊళ్లో ఉంటాడో ఇప్పుడే కనుక్కుని నంబరు రాసిపెట్టుకో. పశువుల అంబులెన్స్ నంబరు 1962, అదీ రాసుకో.

సరుగుడు కొమ్మ నిలబెట్టి సీరియల్ బల్బులు చుడతారు కదా, బ్రూనో మగకుక్క కాబట్టి దాని మొదట్లో కాలెత్తుతాడు. తడికి కరెంటు తోడైతే చాలా ప్రమాదం. తీగలు వాడికి అందే ఎత్తు పైనుంచే చుట్టండి, ఎవరూ లేనప్పుడు ప్లగ్గు పీకేయండి. మెరుపు దండలు కూడా కింద వేలాడనీయకండి, మింగితే పేగులకు చుట్టుకుంటాయి.

ఇప్పుడు చప్పుళ్లు. రాత్రుళ్లు క్యారల్స్ వాళ్లు డ్రమ్ములతో, క్రిస్మస్ తాత మాస్కుతో వస్తారు. వాడికి ఆ మొహం మనిషి మొహంలా కనబడదు. మొరిగాడని కొట్టొద్దు, వాళ్లు సందు మొదట్లో ఉండగానే లోపలి గదిలోకి తీసుకెళ్లు. వాడు పళ్లు చూపించేదాకా ఆగకుండా అంతకుముందే గమనించు. నిద్ర రాకపోయినా ఆవలిస్తాడు, పెదాలు నాక్కుంటాడు, చెవులు వెనక్కి పెట్టి మొహం పక్కకు తిప్పుకుంటాడు. అంటే వాడికి టెన్షన్‌గా ఉందని అర్థం. ఆ సమయంలో ఏ పిల్లవాడినీ దగ్గరికి రానీయొద్దు.

24వ తేదీ రాత్రి ఇంకా కష్టం. మీరంతా చర్చికి వెళ్తారు, బయట టపాసులు కాలుస్తారు. మనకు వినపడని చప్పుళ్లు కూడా వాడికి వినపడతాయి, మనం ఓర్చుకునే మోత వాడు ఓర్చుకోలేడు. సాయంత్రం వెలుగుండగానే బాగా తిప్పి, తొందరగా అన్నం పెట్టి, కిటికీలు మూసిన గదిలో వాడి గోనెపట్టా, నీళ్లు ఉంచి, టీవీ కాస్త గట్టిగా పెట్టండి. మంచం కింద దూరితే లాగొద్దు, అక్కడే ఉండనీ. దగ్గరికొస్తే నిమురు. బుజ్జగిస్తే భయం ముదురుతుందని ఎవరైనా అన్నా పట్టించుకోకు. ఆ రాత్రి ఇంట్లో ఒకరు ఉండి తీరాలి. మీ మామగారు ఎలాగూ పొద్దున ఆరాధనకే వెళ్తారు కదా, అడిగి చూడు.

చాలా కుక్కలు తప్పిపోయేది తలుపు దగ్గరే. చుట్టం లోపలికి వస్తుంటాడు, టపాసు పేలుతుంది, ఇది కాళ్ల సందులోంచి రోడ్డెక్కేస్తుంది. కావలిలో హైవే ఎంత దగ్గరో నీకు తెలుసు. వాడి మెడ పట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల ఈ వారమే వేయించు. రేబిస్ టీకా కార్డు తీసి తేదీ చూడు, గడువు దాటితే చుట్టాలు రాకముందే వేయించెయ్.

26న ఇక్కడికి వచ్చేటప్పుడు వాణ్ణి ఎవరింట్లోనో వదలకుండా వెంట తీసుకురండి. బయలుదేరే ముందు కడుపునిండా పెట్టొద్దు. సింగరాయకొండ దగ్గర ఆపి నీళ్లు పట్టండి, కారు తలుపు తీయకముందే గొలుసు చేతిలో ఉండాలి. మీ అత్తయ్య వాడికోసం పెరటి గది ఇప్పటికే ఊడ్చి పెట్టింది.

ఆశీస్సులతో,
మామయ్య