బుష్‌లు మార్చిన ఆరు నెలలకే మళ్లీ టక్‌టక్

ప్రశ్న: మా స్విఫ్ట్ ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు ఆరు నెలల కిందట మార్పించాం. ఇప్పుడు బ్రేకు వేస్తే మళ్లీ ‘టక్’ మంటోంది. కిందికి వంగి చూస్తే రబ్బరు చీలి ఉంది. నాసిరకం సరుకు వేశారంటారా? ఈసారి ఇంట్లో నేనే మార్చుకోవాలని ఉంది. వీలవుతుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరుకు తేడా కావచ్చు. కానీ ఇంత త్వరగా చీలిందంటే ముందు అనుమానించాల్సింది బోల్టు బిగించిన తీరుని. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి; అది బాడీకి తగిలే చోట ఉండేది బుష్. బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, నడుమ రెండింటినీ అంటిపెట్టుకున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీ వైపు పట్టేస్తుంది, ఇక తిరగదు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలితిరిగేది రబ్బరే. కారు జాకీ మీద ఉండి, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగించేశారనుకోండి. కారు దించగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోతుంది. షెడ్డులో నిలబెట్టిన కారులోనూ దానికి సుఖం లేదు. ఆపైన మన రోడ్ల గుంతలు.

ఇంట్లో మార్చడం వీలవుతుంది. చదునైన సిమెంటు నేల, రెండు జాకీ స్టాండ్లు, గట్టి బెంచ్ వైస్ ఉండాలి. స్టాండ్ల బదులు ఇటుకలు పెట్టే పనైతే ఈ పని మొదలుపెట్టకండి. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది.

కారు నేల మీద ఉండగానే టేపుతో చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి. చివర్లో దీనితోనే పని. వెనక చక్రాలకు అడ్డం పెట్టి, వీల్ నట్లు వదులు చేసి, ముందు రెండు వైపులా లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్క వైపే లేపితే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఎక్కువ ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) మెలిపడి ఆర్మ్‌ను నొక్కుతుంది, బోల్టులు రావు. బాల్ జాయింట్‌ను (ఆర్మ్ కొసను చక్రం వైపు కలిపే గుండ్రటి కీలు) పట్టి ఉంచే బోల్టును పూర్తిగా బయటికి లాగాలి. అది జాయింట్ కాడ మీది గాడిలో కూర్చుంటుంది, వదులు చేస్తే సరిపోదు. తర్వాత టామీతో (పొడవాటి ఇనుప కడ్డీ) ఆర్మ్‌ను కిందికి నొక్కి విడదీయండి. చక్రం హబ్బును మాత్రం బయటికి గుంజవద్దు, యాక్సిల్ జాయింట్ ఊడే ప్రమాదం ఉంది.

బుష్ బోల్టులు కూడా విప్పి ఆర్మ్ చేతికొచ్చాక మొదట చేయాల్సింది గుర్తు పెట్టడం. రబ్బరులో ఖాళీలున్న బుష్ అయితే అవి ఎటు చూస్తున్నాయో ఆర్మ్ మీద మార్కర్‌తో గీయండి. బుష్ ఏ వైపు ఎంత బయటికుందో కూడా కొలవండి. ఖాళీలు తప్పు దిక్కుకు తిరిగితే కొత్త బుష్ కూడా త్వరగా చీలుతుంది. బయటికి నెట్టడానికి వైస్‌లో ఒక పక్క బుష్ కన్నా కాస్త చిన్న సాకెట్, రెండో పక్క బుష్ దూరేంత పెద్ద గొట్టం ముక్క పెట్టి బిగించండి. సుత్తితో కొడితే ఆర్మ్ కన్ను (బుష్ కూర్చునే రంధ్రం) వంకరపోతుంది. మొండికేస్తే రబ్బరుకు డ్రిల్లుతో చిల్లులు వేసి లోపలి గొట్టం తీసేయండి. ఆ సందులోంచి హ్యాక్సా బ్లేడు దూర్చి బయటి గొట్టాన్ని పొడవునా కోయండి. బ్లేడు ఆర్మ్‌ను తాకేలోపు ఆపి, మిగిలిన పొరను ఉలితో లోపలికి మడిస్తే వదిలేస్తుంది. రబ్బరును కాల్చి తీసేవాళ్లున్నారు. ఆ సెగకు బాల్ జాయింట్ తొడుగు కూడా పోతుంది.

కన్ను లోపల ఎమెరీ పేపర్‌తో తుప్పు తీసి, సబ్బు నీళ్లు రాసి కొత్తది ఎక్కించండి. గ్రీజు, ఇంజినాయిల్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఒత్తిడి బయటి గొట్టం అంచు మీదే పడాలి. మధ్యలో నొక్కితే రబ్బరు అతుకు అక్కడే ఊడుతుంది, పైకి కనిపించదు.

ఆర్మ్ బిగించేటప్పుడు బుష్ బోల్టులు చేతితో తిరిగినంతే తిప్పి వదిలేయండి. బాల్ జాయింట్ బిగించాక, దాని కింద జాకీ పెట్టి మెల్లగా లేపుతూ మొదట రాసుకున్న కొలత వచ్చాక ఆపండి. కారు స్టాండు మీది నుంచి లేవకూడదు. లేచేలా ఉంటే చక్రాలు బిగించి, కారును నేలకు దించి, అప్పుడు బిగించండి. బిగింపు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు, టార్క్ రెంచ్‌తోనే. ఈ జాగ్రత్త ముఖ్యంగా బోల్టు అడ్డంగా దూరే బుష్‌కు. బోల్టు నిలువుగా ఉన్నచోట రబ్బరు ఇలా మెలిపడదు. చివరికి అలైన్‌మెంట్ చూపించుకోండి.

బాల్ జాయింట్ కూడా ఆడుతుంటే బుష్‌లతో కుస్తీ పట్టకుండా ఆర్మ్ మొత్తం మార్చడమే నయం.

ప్రశ్న: రబ్బరు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, బళ్లారి

జవాబు: రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు అక్కర్లేదు. ఇవి మెలితిరగవు, గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతాయి. అందుకే వాటికిచ్చిన ప్రత్యేక గ్రీజు ఆరితే కిర్రుమంటాయి. రోడ్డు అదురు కూడా ఎక్కువగా లోపలికి వస్తుంది.

ప్రశ్న: కంకర రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే ముందువైపు లడలడ. బుష్‌లేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు లింక్ రాడ్లు, అంటే స్టెబిలైజర్ బార్ కొసలను చక్రం వైపు కలిపే చిన్న కడ్డీలు చూడండి. బుష్ పోతే చప్పుడు బ్రేకు వేసినప్పుడు ఒకసారి, కదిలేటప్పుడు ఒకసారి వస్తుంది. చిన్న రాళ్లకే ఆగకుండా లడలడమంటే ఎక్కువగా లింక్ రాడ్డే. రెండు వైపులా లింక్‌లు విప్పి, వీధిలోనే నెమ్మదిగా ఒక చుట్టు వేయండి. మలుపుల్లో కారు ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి పెద్ద రోడ్డెక్కవద్దు. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే.