విదేశంలో సైకాలజీ డిగ్రీ: పలాసలో ఉన్న మా చెల్లెలి కూతురికి

బుజ్జీ,

డబ్బు పెట్టేది మీ నాన్న కాబట్టి ముందు ఆయన ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. "మూడేళ్ళు లండన్లో చదివొస్తే సైకాలజిస్టు అయిపోతుందా వదినా?" అని అడిగారు. అవదు. ఇంగ్లండే కాదు, అమెరికా, ఆస్ట్రేలియా, మన దేశం, వీటిలో ఎక్కడా ఒక్క బ్యాచిలర్స్ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్టు అవ్వరు. డిగ్రీ మొదటి మెట్టు మాత్రమే. ఈ సంగతి విశాఖ ద్వారకానగర్ కన్సల్టెన్సీలో చెప్పరు. నువ్వు చేరితే యూనివర్సిటీ నుంచి వాళ్ళకి కమీషన్ వస్తుంది కాబట్టి, తరవాత ఏమవుతావన్నది వాళ్ళ లెక్కలో ఉండదు.

అందుకని చివరి నుంచి మొదటికి లెక్క వేసుకో. ముప్పయ్యేళ్ళ వయసులో ఏ ఊళ్ళో, ఎవరి ఎదురుగా కూర్చుని పని చేస్తూ ఉండాలనుకుంటున్నావు? అది తేలితే దేశం ఏదో తేలుతుంది. అది తేల్చకుండా యూనివర్సిటీ ర్యాంకులు చూడటం మొదలుపెట్టకు.

ఇంగ్లండ్‌లో అయితే డిగ్రీ మూడేళ్ళు, స్కాట్లండ్‌లో నాలుగు. ఆ కోర్సుకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా అన్నది మొదట చూడాలి. గుర్తింపున్న కోర్సులో కనీసం సెకండ్ క్లాస్ ఆనర్స్‌తో పాసైతే జీబీసీ అనే అర్హత వస్తుంది. పై చదువులన్నీ దాన్నే అడుగుతాయి. ఆ తరవాత క్లినికల్ సైకాలజీలో మూడేళ్ళ డాక్టరేటు. దానికి ముందు చాలామంది అసిస్టెంట్ ఉద్యోగాల్లో ఏళ్ళు గడుపుతారు, ఆ ఉద్యోగాలు దొరకడమే కష్టం. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) జీతమిచ్చి చదివించే డాక్టరేటు సీట్లు దాదాపు అక్కడివాళ్ళకే. చదువయ్యాక ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకి ఏడాదిన్నరే. నీకు వర్తించేది ఆ ఏడాదిన్నర.

అమెరికాలో డిగ్రీ నాలుగేళ్ళు. మొదటి రెండేళ్ళు రకరకాల సబ్జెక్టులు చదివి, అప్పుడు మేజర్ ఎంచుకోవచ్చు. సైకాలజీయా, ఇంకోటా అని ఊగిసలాడే పిల్లలకి ఇది మంచిదే. కానీ లైసెన్సు కావాలంటే డాక్టరేటు తప్పదు. డిగ్రీ తరవాత పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి ఏడాది ఇస్తారు, ఇంకో రెండేళ్ళ పొడిగింపు స్టెమ్ కోర్సులకే, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సులకే. మీ మేజర్ ఏ కోడ్ కింద ఉంది, అది స్టెమ్ జాబితాలో ఉందా అని కాలేజీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకో. సైకాలజీ అన్న పేరున్నవన్నీ ఆ జాబితాలో లేవు. ఆస్ట్రేలియాలో దారి కాస్త తిన్నగా ఉంటుంది. మూడేళ్ళ డిగ్రీ, నాలుగో ఏడు ఆనర్స్, ఆపైన మరో రెండేళ్ళు కలిపి ఆరేళ్ళకి రిజిస్ట్రేషన్.

ఇక తిరిగొచ్చి ఇక్కడే పని చెయ్యాలనుకుంటే, ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదువు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పని చెయ్యాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో, నమోదు కావాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా ఆర్‌సీఐ గుర్తించిన చదువు గురించీ, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ కలిసిన రెండేళ్ళ కోర్సు గురించీ మాట్లాడుతుంది. నిన్నటిదాకా దానికి దారి పీజీ తరవాత ఎంఫిల్. ఇప్పుడు ఎంఫిల్‌ని తీసేస్తూ కొత్త కోర్సులు తెస్తున్నారు, నువ్వు డిగ్రీ పూర్తి చేసేసరికి పేర్లు ఇంకా మారొచ్చు. బ్రిటన్ డిగ్రీ తెచ్చి చూపించినంత మాత్రాన ఆర్‌సీఐ నంబరు ఇవ్వరు. మళ్ళీ ఇక్కడ పీజీ, ఇక్కడ ఆసుపత్రిలో శిక్షణ. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట ఆ సీటు కోసం రాసే పరీక్షలో నీ పక్కన కూర్చునేది విశాఖలోనో ఢిల్లీలోనో డిగ్రీ చదివిన పిల్లే, నీ ఖర్చులో పదోవంతు కూడా పెట్టకుండా.

నా మాట అడిగితే, ఇంటికి తిరిగొచ్చి వైద్యం వైపు పని చెయ్యాలన్నదే నీ కోరికైతే డిగ్రీ ఇక్కడే చెయ్యి. కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి ఢిల్లీ వైపు వెళ్ళు, లేదా దగ్గర్లోనే మంచి కాలేజీ చూసుకో. పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. సైకాలజీ పక్కన పారాసైకాలజీ (టెలిపతీ లాంటి అతీత శక్తుల మీద పరిశోధన) కూడా పేరులో పెట్టుకున్న విభాగం అక్కడిది. దాన్ని నిలబెట్టిన కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ దాకా వెళ్ళి పని చేసి, తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీకే వైస్ చాన్సలర్ అయ్యారు. పారాసైకాలజీ మీద నాకు నమ్మకం లేదు, అది వేరే కథ. విదేశం మోజు అప్పటికీ ఉంటే ఏడాది మాస్టర్స్‌కి వెళ్ళొచ్చు. అలా కాకుండా పరిశోధన మీద ఇష్టం ఉండి, మెదడు, జ్ఞాపకం, పిల్లల ఎదుగుదల లాంటివాటి మీద ల్యాబులో ఏళ్ళకేళ్ళు కూర్చోగలను అనుకుంటే, అప్పుడు డిగ్రీకే బయటికి వెళ్ళడంలో అర్థముంది. రెండో ఏడాదికే ప్రొఫెసర్ల ల్యాబులో చేతులు పెట్టనిస్తారు. ఆ అవకాశం ఇక్కడ డిగ్రీలో అరుదు.

డబ్బు సంగతి. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థికి సైకాలజీ డిగ్రీ ఫీజు చాలాచోట్ల ఏడాదికి 20 వేల నుంచి 30 వేల పౌండ్లు. అంటే సుమారు పాతిక నుంచి ముప్ఫై అయిదు లక్షల దాకా. ఇల్లు, తిండి వేరు. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు వేరు. వారానికి 20 గంటలు పని చేసుకోనిస్తారు, దాంతో సరుకులు వస్తాయేమో గానీ ఫీజు రాదు. బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి తాకట్టు అడుగుతాయి. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తాకట్టుగా తీసుకోవు కూడా. అందుకే కదా జీడితోట అమ్మేద్దామని మీ నాన్న అంటున్నది! తోట అమ్మి డిగ్రీకి పంపడానికి నేను ఒప్పుకోను. డిగ్రీ తరవాత ఇంకా ఏళ్ళ తరబడి చదువుందని పైన రాశాను, అప్పుడేం అమ్ముతారు? బ్రిటన్‌లో డిగ్రీ స్కాలర్‌షిప్పులంటే చాలావరకు ఫీజులో చిన్న తగ్గింపులే. అమెరికాలో కొన్ని ప్రైవేటు కాలేజీలు విదేశీ పిల్లలకి కూడా ఇంటి ఆదాయం చూసి పెద్ద మొత్తం సాయం చేస్తాయి. పోటీ విపరీతం. అయినా నీ మార్కులతో ప్రయత్నించి చూడదగ్గది అదే.

ఇప్పుడు చదువు గురించి. బ్రిటన్‌లో ఫస్టియర్ పిల్లలకి నేను సెమినార్లు చెప్పిన రోజుల్లో ప్రతి అక్టోబరులో ఒకే దృశ్యం. మనుషుల మనసులు అర్థం చేసుకుందామని వచ్చిన పిల్లలకి రెండో వారంలో టీ-టెస్టు (రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా అని తేల్చే లెక్క) ఎదురవుతుంది, మొహాలు పాలిపోతాయి. సైకాలజీ డిగ్రీకి వెన్నెముక స్టాటిస్టిక్స్. మూడేళ్ళూ రీసెర్చ్ మెథడ్స్ నిన్ను వదలదు. మిగతాది ప్రవర్తన వెనకున్న జీవశాస్త్రం, ఆలోచన, జ్ఞాపకం, ఎదుగుదల, సమాజంలో మనిషి ప్రవర్తన, వ్యక్తుల మధ్య తేడాలు, ఈ శాస్త్రం చరిత్ర. కౌన్సెలింగ్ అంటూ నువ్వు ఊహించుకుంటున్నది అందులో చాలా కొద్దిగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలుండదు. ఇంటర్లో ఎంపీసీ తీసుకుని అనవసరంగా కష్టపడ్డానని అన్నావట. ఆ లెక్కలే నిన్ను కాపాడతాయి.

ఈ చదువు నీకు పడుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్ట్రూప్ అనే ఆయన 1935లో ప్రచురించిన ప్రయోగం ఉంది, ప్రతి ఫస్టియర్ విద్యార్థీ ఏదో ఒక రూపంలో చేసేదే. రెండు కాగితాలు తీసుకో. ఒకదాని మీద ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ అన్న మాటలు అదే రంగు స్కెచ్ పెన్నుతో, కలిపి కొట్టి, ఒక ముప్ఫై రాయి. రెండోదాని మీద మాట ఒకటి, సిరా రంగు ఇంకోటి. చూసేవాళ్ళు మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టు. మీ వీధిలో ఇరవైమందితో చేయించు. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపెయ్యొచ్చని ముందే చెప్పు, అది కూడా ప్రయోగంలో భాగమే. సగంమందికి మొదటి కాగితం ముందు, సగంమందికి రెండోది ముందు ఇవ్వు. ఎందుకలా ఇవ్వాలో ఆలోచించి నాకు రాయి. రెండో కాగితానికి ఎక్కువ టైము పడుతుంది, అది అందరికీ తెలిసిన ఫలితమే. అసలు ప్రశ్న ఇది: చదవడం రాని మీ అమ్మమ్మకి రెండు కాగితాలకీ ఎంత తేడా రావాలి? మూడో తరగతి చదువుతున్న మీ తమ్ముడికి? ఈ ప్రశ్నలు నీకు రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే దరఖాస్తు పెట్టు. చిరాకనిపిస్తే వేరే చదువు చూద్దాం, తప్పేం లేదు.

దరఖాస్తు. బ్రిటన్‌కి యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా అయిదు కోర్సులకి పెట్టుకోవచ్చు, చాలావాటికి గడువు జనవరి మధ్యలో. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకి అక్టోబరు 15. పర్సనల్ స్టేట్‌మెంట్ ఇప్పుడు మూడు ప్రశ్నలుగా అడుగుతున్నారు, అన్నీ కలిపి 4,000 అక్షరాలు. "చిన్నప్పటి నుంచీ మనిషి మనసంటే నాకు ఆసక్తి" అని మొదలుపెట్టావంటే చదివేవాళ్ళ కళ్ళు అక్కడే మూసుకుపోతాయి. కన్సల్టెన్సీ వాళ్ళు రాసిచ్చేదీ అదే వాక్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు పడిపోయాక మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా ఉన్నారో నాకు ఫోన్లో చెప్పావు చూడు, తాతయ్య నెలల తరబడి తోట వైపు వెళ్ళలేదని, నాన్న మాత్రం మర్నాడే గొడ్డలి పట్టుకెళ్ళాడని. ఒకే నష్టానికి ఇద్దరు అలా వేరువేరుగా ఎందుకు స్పందించారన్నది రాయి. జాలి కోసం రాయకు. ప్రశ్నగా రాయి, పక్కన నీ స్ట్రూప్ లెక్కలు పెట్టు.

మన ప్రాంతం నుంచి వెళ్ళడం లోటని అనుకోకు. 2010లో హెన్రిక్, హైన్, నోరెంజాయన్ అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. మనిషి ప్రవర్తన గురించి పుస్తకాల్లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల్లో చదువుకున్న, డబ్బున్న సమాజాల మనుషుల మీద, చాలాసార్లు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల నుంచే వచ్చిందని. సిరిమానోత్సవంలో పూనకం వచ్చినామెని చూసి నువ్వు భయపడవు, పక్కకి జరిగి దారిస్తావు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వాడే పుస్తకం కూడా, సమాజం మామూలుగా ఒప్పుకున్న ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని జబ్బుగా లెక్కెయ్యకూడదంటుంది. క్లాసులో ఆ వాక్యం వచ్చినప్పుడు మిగతావాళ్ళు రాసుకుంటారు, నీకు ఎదురుగా మనిషి కనిపిస్తుంది. ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి ఉన్న ఇల్లెలా ఉంటుందో కూడా నీకు తెలుసు. డిజర్టేషన్ (డిగ్రీ చివర సొంతంగా చేసే పరిశోధన) రోజుల్లో అది నీకు పనికొస్తుంది. పుస్తకంలో ఉన్నదల్లా నమ్మకు కూడా. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలని మళ్ళీ చేసి చూస్తే, మొదటిసారిలా గణాంకపరంగా నిలబడిన ఫలితం వచ్చింది సుమారు 36 శాతంలోనే.

మార్కుల గురించి ఒక మాట. వెయ్యికి 970 తెచ్చుకున్నదానివి. బ్రిటన్‌లో మొదటి వ్యాసానికి నూటికి 58 వస్తుంది, ఏడుస్తావు. అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్, 60 పైన వస్తే మంచి మార్కు. బట్టీ పట్టి రాస్తే 50 దగ్గర ఆగిపోతావు. ఇంకొకరి వాక్యాలు పేరు చెప్పకుండా వాడితే మార్కులు పోవడంతో సరిపోదు, విచారణ పెడతారు. మన కార్పొరేట్ కాలేజీ మెటీరియల్ అలవాటు అక్కడ ప్రమాదం.

నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. వెళ్ళిన వారంలోనే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకో, యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఎక్కడుందో చూసి పెట్టుకో. పుస్తకంలో చదివిన ప్రతి జబ్బూ నీకే ఉన్నట్టు అనిపిస్తుంది, ఈ చదువు చదివేవాళ్ళలో చాలామందికి జరిగేదే. నీకో, మీ హాస్టల్ రూమ్మేటుకో, ఫోన్లో మీ అత్తకో జబ్బు పేరు అంటగట్టకు. తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, ఆవకాయ గురించి నేను రాయక్కర్లేదు.

"పిచ్చోళ్ళ చదువేటి గుంటకి" అని అమ్మమ్మ అంటోందట. ఆవిడతో వాదించకు. వాల్తేరు మానసిక ఆసుపత్రికి చుట్టాలని తీసుకెళ్ళి, ఆ సంగతి ఊళ్ళో దాచిపెట్టిన తరం ఆవిడది. దసరాకి నేనొచ్చినప్పుడు మాట్లాడతాను.

ఈ నెలాఖరులోగా మూడు పనులు చెయ్యి. నీకు నచ్చిన కోర్సుల మొదటి ఏడాది సబ్జెక్టుల జాబితాలు తీసి పంపు, ఏది బాగుందో గీత గీసి పంపిస్తాను. ఏపీ ఇంటర్ బోర్డు మార్కులు నేరుగా తీసుకుంటారా, డిగ్రీకి ముందు ఫౌండేషన్ ఏడాది చెయ్యమంటారా, ఐఈఎల్‌టీఎస్ ఎంత కావాలి అని ప్రతి యూనివర్సిటీకీ నువ్వే మెయిల్ రాసి అడుగు, కన్సల్టెన్సీ చేత రాయించకు. స్ట్రూప్ లెక్కలు ఎక్సెల్‌లో పెట్టి పంపు, అమ్మమ్మ టైముతో సహా.

మీ పెద్దమ్మ
విజయనగరం