పాఠంలో బొమ్మలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మేం వాడే సాఫ్ట్‌వేర్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు తయారుచేశాను. బోసిగా ఉండకూడదని ప్రతి పేజీలో ఒక ఫోటో, కొన్నిచోట్ల స్క్రీన్‌షాట్లు పెట్టాను. అయినా ‘ఏ బటన్ నొక్కాలో తెలియట్లేదు’ అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. పైగా పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందట. బొమ్మలన్నీ తీసేయమంటారా?

జవాబు: అన్నీ తీసేయక్కర్లేదు. నవ్వుతూ చేతులు కలుపుతున్న ఉద్యోగులు, ల్యాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు లాంటివి ఉంటే మాత్రం మొహమాటపడకుండా తీసేయండి. మల్టీమీడియా పాఠాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ కూడా ఇదే అంటారు, సంబంధం లేని బొమ్మలూ కబుర్లూ తగ్గితేనే విషయం బాగా ఒంటబడుతుందని. అనుమానం వస్తే బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి పేరా చదవండి. లోటేమీ తెలియకపోతే ఆ బొమ్మతో పనిలేదు.

ఫోన్లు వస్తున్నది బహుశా స్క్రీన్‌షాట్ల వల్ల. ‘సేవ్ నొక్కండి’ అని రాసి మొత్తం స్క్రీన్‌ని అతికిస్తే, ఫోన్లో చూసేవాళ్లకు అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, అందులో సేవ్ ఎక్కడుందో వెతుక్కోవడమే వాళ్లకు ఇంకో పరీక్ష. ఆ బటన్, దాని చుట్టూ కొంచెం జాగా, తాము ఏ పేజీలో ఉన్నారో తెలిసేలా పైనున్న పేరు, అంతవరకే కత్తిరించండి. బటన్ చుట్టూ ఒక్క గడి గీస్తే చాలు, నాలుగు వైపుల నుంచి బాణాలు అక్కర్లేదు. మూడు పనులు వరసగా చేయాలంటే బొమ్మ మీద 1, 2, 3 వేసి, పాఠంలోనూ అవే అంకెలు వాడండి. వాక్యం బొమ్మకు ఆనుకునే ఉండాలి, ‘కింద ఇచ్చిన 4వ బొమ్మ చూడండి’ అంటే చూపు పైకీ కిందకీ తిరగడంతోనే సరిపోతుంది. ‘ఎర్ర బటన్’ అని మాత్రమే రాయకండి, రంగులు తేడా తెలియనివాళ్లు ఉంటారు.

ఇక పేజీని ఆలస్యం చేసే బొమ్మల బరువు సంగతి. ఎడిటర్‌లో మూల పట్టుకుని లాగితే బొమ్మ చిన్నగా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల ఫైలు బరువు తగ్గదు, ఫోన్ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పుతో అలాగే డౌన్‌లోడ్ అవుతుంది. అప్‌లోడ్ చేయకముందే 1600 పిక్సెళ్లకు కుదించండి, మామూలు పాఠానికి ఎక్కువే అది. ఫోటోలను జేపీజీ ఫైలుగా, స్క్రీన్‌షాట్లను పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చేయండి. స్క్రీన్‌షాట్‌ని జేపీజీలో బాగా కుదిస్తే అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టుంటుంది.

ప్రశ్న: నెట్‌లో దొరికిన బొమ్మ పెట్టుకుని, కింద ఎక్కడిదో రాస్తే సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదు. పేరు రాయడం వేరు, అనుమతి ఉండటం వేరు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఫలానా షరతులతో వాడుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చే అనుమతి) ఉన్న బొమ్మలు వెతకండి, కానీ ఆ లైసెన్స్ పేరు చివరి అక్షరాలు కూడా చూడండి. ‘బై’ అంటే పేరు తప్పనిసరి. ‘ఎన్‌సీ’ ఉంటే డబ్బులు తీసుకునే కోర్సులో పెట్టకండి. ‘ఎన్‌డీ’ ఉంటే మార్పులు చేసి పంచుకోకూడదు, దాని మీద గుర్తులు వేద్దామనుకుంటే ఆ బొమ్మ జోలికే పోకండి. సీసీ జీరో, అంటే హక్కుదారు తన హక్కులు వదులుకున్న బొమ్మ అయితే ఏ గొడవా లేదు.

ప్రశ్న: బొమ్మ పెట్టిన ప్రతిసారీ ఆల్ట్ టెక్స్ట్ అడుగుతోంది. ‘ఇమేజ్1’ అని కొట్టేస్తున్నాను. పర్లేదా?

జవాబు: చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ దాన్నే పైకి చదివి వినిపిస్తుంది. ‘ఇమేజ్ వన్’ అని వింటే వాళ్లకేం తెలుస్తుంది? ‘సెట్టింగ్స్ పేజీలో కుడివైపు పైన సేవ్ బటన్’ అని రాయండి. ‘ఇది ఒక బొమ్మ’ అని మొదలుపెట్టక్కర్లేదు, అది స్క్రీన్ రీడరే చెప్తుంది. అలంకారానికి పెట్టినదైతే అలంకారమేనని గుర్తు పెట్టే వీలుంటే పెట్టండి, లేదంటే ఖాళీగా వదిలేయండి. పట్టికను మాత్రం ఫోటో తీసి అతికించకండి, మామూలు పట్టికగానే ఇవ్వండి.

ప్రశ్న: స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ల పేర్లు, నంబర్లు పడుతున్నాయి. బ్లర్ చేస్తే చాలా?

జవాబు: పల్చటి బ్లర్‌ని నమ్మకండి, కొన్నిసార్లు వెనకున్నది ఊహించేయొచ్చు. ఉత్తుత్తి పేర్లతో ఒక టెస్ట్ అకౌంట్ తయారుచేసుకుని అందులోనే స్క్రీన్‌షాట్లు తీయండి. కుదరకపోతే నల్ల గడితో పూర్తిగా కప్పి, కొత్త బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేసి అప్పుడు పెట్టండి. స్లైడ్‌లో గడి గీసి ఆ స్లైడ్‌నే పంచితే మాత్రం ఎవరైనా గడిని పక్కకు జరిపి చూసేస్తారు.