లో యాంగిల్ అంటే కింది చూపేనా?

సందేహం: సినిమా చిత్రీకరణ మీద ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో లాంగ్ షాట్‌ను 'దీర్ఘ దృశ్యం' అనీ, లో యాంగిల్‌ను 'కింది చూపు' అనీ, డ్రోన్‌తో ఆకాశం నుంచి తీసిన షాట్‌ను 'సింహావలోకనం' అనీ రాశారు. ఇవి సరైనవేనా? క్లోజప్‌కు మంచి తెలుగు మాట ఏదైనా ఉందా?

సమాధానం: మూడూ పొరపాట్లే.

సింహావలోకనం సంగతి తేలిగ్గా తేలిపోతుంది. సింహం నాలుగడుగులు వేసి, మెడ తిప్పి వెనక్కి చూస్తుందట. అందుకే గడిచినదాన్ని మళ్ళీ ఓసారి చూసుకోవడానికి ఆ మాట వాడతాం. పైనుంచి చూసేది పక్షి. విహాయసం అంటే ఆకాశం, అందులో పోయేది విహంగం. కాబట్టి అది విహంగ వీక్షణం. విహంగావలోకనం అన్నా తప్పులేదు.

'దీర్ఘ దృశ్యం'లో తప్పులు రెండు. షాట్ అంటే దృశ్యం కాదు, ఒక కట్‌కీ ఇంకో కట్‌కీ మధ్య ఉన్న ముక్క. మామూలుగా అలాంటివి కొన్ని కలిస్తేనే దృశ్యం, అంటే సీను. ఇక 'దీర్ఘ' అనగానే మనకు తోచేది నిడివి. లాంగ్ షాట్‌లో 'లాంగ్' చెప్పేది దూరాన్ని: మనిషి తల నుంచి పాదాల దాకా కనబడేంత దూరం. రెండు సెకన్లలో అయిపోయినా అది లాంగ్ షాటే. కట్ లేకుండా నిమిషాల తరబడి సాగేది లాంగ్ టేక్. 'దీర్ఘ' దానికైతే అతుకుతుంది.

అసలు చిక్కు లో యాంగిల్‌తోనే. ఆ పేరు కెమెరా ఎక్కడుందో చెబుతుంది, ఎటు చూస్తోందో చెప్పదు. కెమెరాను మోకాళ్ళ ఎత్తున పెట్టి ముఖాన్ని తీస్తే అది లో యాంగిల్, చూపు మాత్రం పైకి. 'కింది చూపు' అని రాస్తే చదివేవారు తల వంచి నేలకేసి చూస్తున్నట్టు ఊహించుకుంటారు, అంటే హై యాంగిల్‌ను! అర్థం తలకిందులైపోయింది. మన 'నుంచి' ఈ ముడి ఇట్టే విప్పుతుంది: 'కిందినుంచి తీసిన షాట్', 'పైనుంచి తీసిన షాట్'. చూపు ఎటు పోతోందో ఇక వేరే చెప్పక్కర్లేదు. సాంకేతిక పదమంటే ఒక్క సమాసంలో ఇమడాలనే పట్టుదల మనకెందుకో అర్థం కాదు.

క్లోజప్‌ను అలాగే ఉంచండి. 'సమీప చిత్రం' అంటే కెమెరా దగ్గరగా ఉందనుకుంటారు. దూరాన నిలబడి జూమ్ లెన్స్‌తోనూ క్లోజప్ తీస్తారు. ముఖం తెర నిండా ఉందా లేదా అన్నదే లెక్క. పైగా అది ఎప్పుడో తెలుగైపోయింది: క్లోజప్పు, క్లోజప్పులు. 'షాటు'లో లేని ద్విత్వం 'క్లోజప్పు'లో ఎందుకొచ్చిందంటారా? ముందున్న అచ్చు హ్రస్వమైతే హల్లు రెట్టిస్తుంది: బస్సు, కప్పు, క్లిప్పు. దీర్ఘమైతే రెట్టించదు: సీను, కోటు. ఇంగ్లిష్‌వాళ్ళు 'క్లోసప్' అంటారని ఎవరైనా దిద్దబోతే, మన నోట 'జ' స్థిరపడిపోయిందని చెప్పండి.